పేరు చెప్పుట, గుట్టు కాచుట

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 1:1-4, 2 సమూయేలు 24:1-10, లూకా 2:1-5

సూరత్ నగరమందలి లింబాయత్ ప్రాంతములో తెలుగు మాట వినబడుట వింత కాదు. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై వెళ్లిన నేతకుటుంబము లనేకము అక్కడ కాపురమున్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. అట్టి యింటి వాకిట ఉద్యోగి కాగితములతో నిలిచినప్పుడు రెండు తలంపులు పుట్టును. మా యింటి సంగతులు వీరికెందుకు అనునది ఒకటి; చెప్పకున్న మనము లెక్కలో లేకుండ పోదుమేమో అనునది రెండవది. రెండును న్యాయమైన తలంపులే. 2021లో జరుగవలసిన జనాభా లెక్క జరుగలేదు. రాబోవు లెక్కకు 2027 మార్చి 1 ఆధారదినముగా ప్రకటింపబడినది. కాబట్టి ఈ విషయమును శ్రద్ధగా ఆలోచింతము.

1. లెక్క మంచిదా, చెడ్డదా?

సీనాయి అరణ్యమున మోషే ప్రజలను పేరు పేరు వరుసను లెక్కించెను. అది దేవుని ఆజ్ఞ. దావీదు తన యోధులను లెక్కింపబూనగా యోవాబు అడ్డుచెప్పెను. పిమ్మట రాజు మనస్సే రాజును గద్దించెను. యోసేపు పరదేశ చక్రవర్తి ఆజ్ఞకు లోబడి బేత్లెహేమునకు ప్రయాణమయ్యెను. లెక్క తనంతట మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఎందుకు అడుగుచున్నారు, విన్నదానిని ఏమి చేయుదురు అనునదియే అసలు ప్రశ్న.

2. జనాభా లెక్క రహస్యము

1948 నాటి జనాభా లెక్కల చట్టము పౌరునిపై ఒక భారమును, ప్రభుత్వముపై మరియొక భారమును మోపినది. అడిగిన ప్రశ్నకు పౌరుడు తనకు తెలిసినంతలో, తాను నమ్మినంతలో నిజము చెప్పవలెను. అయితే ఆ పుస్తకమును తెరచి చూచు హక్కు ఎవరికిని లేదు. సివిలు వ్యాజ్యములలో అది సాక్ష్యముగా చెల్లదు. అనుమతి లేక వివరములను బయటపెట్టిన ఉద్యోగి శిక్షార్హుడు. ఆచారము నిషేధించినచో స్త్రీ తన భర్త పేరు చెప్పనక్కరలేదని కూడ ఆ చట్టము మినహాయించినది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ హక్కుకును హద్దులున్నవి; కాని వాటిని చట్టమే, తగిన కారణముతో, అవసరమైనంత మేరకే విధింపవలెను.

3. ఓటర్ల జాబితా బహిరంగము

ఓటర్ల జాబితా సంగతి వేరు. అది అందరి యెదుట ఉంచబడును. లేనివాని పేరు చేరినచో ఆక్షేపించుటకు, ఉన్నవాని పేరు పోయినచో అడుగుటకు అదే మార్గము. ఇక్కడ పేరు దాచినవాడు ఓటును పోగొట్టుకొనును. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలకు ముందు సుమారు 28 లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్య, ఫలానావాని కుమార్తె అని మాత్రమే చెప్పిరి. వారి నమోదులు జాబితానుండి తొలగింపబడినవి.

సూరత్‌లో పనిచేయుచు స్వగ్రామమున ఇల్లుగలవారు ఇది గమనింపవలెను. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఇల్లున్నంత మాత్రమున అక్కడి ఓటరు కాజాలరు. సాధారణముగా నివసించు చోటనే నమోదు. రెండు నియోజకవర్గములలో పేరుండరాదు. తెలిసి అబద్ధపు ప్రకటన చేసినవారికి ఏడాదివరకు జైలుశిక్ష కలుగవచ్చును.

4. మతమను గడి

మనలో అనేకులకు కష్టమైన ప్రశ్న ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి, క్రైస్తవులు చేర్చబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అట్టి క్రైస్తవులు వెనుకబడిన తరగతుల "సి" వర్గమున ఉన్నారు. పిల్లల చదువు, ఉద్యోగము తలంచి తల్లిదండ్రులు వాకిట తడబడుట మనకు తెలియనిది కాదు. వారిని నిందించుట సులభము. వారి భారము మోయుట కష్టము. అయినను ఒక సంగతి తెలిసికొనవలెను: లెక్క వేరు, ధ్రువపత్రము వేరు. లెక్కలో చెప్పిన మాట వ్యాజ్యమున సాక్ష్యము కాదు గనుక అక్కడ నిజము చెప్పుటకు చట్టమే కాపుదల. ధ్రువపత్రమునుగూర్చిన ప్రశ్న మిగిలియే యుండును. దానిని అబద్ధముతో గాక న్యాయము కోరుటచేతనే పరిష్కరింపవలెను. ఇంటి పేరు చూచి ఉద్యోగి తానే ఊహించి గడి నింపరాదు. మనము చెప్పినదే వ్రాయవలెను. కాబట్టి మనము స్పష్టముగా చెప్పవలెను. చెప్పక ఊరకుండినచో క్రైస్తవుల లెక్క తగ్గును. తగ్గిన లెక్కతో న్యాయము కోరుట మరింత కష్టమగును.

నిజము చెప్పుట పౌరుని వంతు, విన్నదానిని కాచుట ప్రభుత్వము వంతు. ఒకటి నెరవేర్చినవాడు రెండవదానిని ధైర్యముగా అడుగవచ్చును.

ఆలోచించుడి

1. మీ వాకిటికి వచ్చిన కాగితము రహస్యమైనదా, బహిరంగమైనదా? సంతకమునకు ముందు అడిగితిరా?
2. మీ కుటుంబ స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలో సరిగా ఉన్నవా?
3. మీ సంఘమునుండి పరరాష్ట్రమునకు పనికి వెళ్లినవారికి ఈ సంగతులు ఎవరు తెలుపుదురు?