చెట్టు కల్లు కొనాలంటే

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నల్గొండ వైపు వస్తున్నాం. గీత వృత్తి కుటుంబం దగ్గర తాటికల్లు నేరుగా కొనొచ్చా? ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా కొనండి, అదీ చెట్టు కిందే. ఎందుకంటే ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాల మీదికి తెస్తుంది. ముందురోజే చెప్పి పొద్దున్నే తాటివనం చేరుకోండి. కల్లు గీసే గౌడన్న మోకుతో ఎక్కి, గెలను కత్తితో సన్నగా చెక్కి, నిండిన లొట్టి (కల్లు కుండ) దించుతాడు. అప్పుడు తియ్యగా, నురగలు కక్కుతూ ఉండే కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. అందుకే ఇంటికి తేవడం వద్దంటాను. మూత బిగించిన సీసా గ్యాస్‌కు పగలొచ్చు. తాగినవాళ్లు బండి నడపొద్దు. మత్తు వద్దనుకుంటే, లోపల సున్నం పూసిన లొట్టిలో తెల్లవారుజామున దించే నీరా అడగండి. బేరం మాత్రం ఆడకండి. చెట్టు మీంచి జారిపడి నడుము విరిగిన గీత కార్మికులు ఎందరో ఉన్నారు.