నాలుగు హద్దులు

ఇంటి విక్రయ దస్తావేజును శ్రద్ధగా చదివినవారికి అందులో ఒక విశేషం కనిపిస్తుంది. అమ్మేవారి పేరు, కొనేవారి పేరు, వెల, కొలతలు వ్రాసిన తరువాత నాలుగు హద్దులు వ్రాస్తారు. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన ఫలానావారి ప్రహరీగోడ, పడమట వీధి, ఉత్తరాన ఫలానావారి ఖాళీస్థలం. ఈ ఫలానావారు అమ్మేవారూ కారు, కొనేవారూ కారు. అయినా వారి పేర్లు లేనిదే ఆ ఇల్లు ఏదో గుర్తించడం కష్టం. మన ఇంటి ఉనికికి గుర్తుగా నిలిచిన ఈ పొరుగువారిని, ఇల్లు అమ్మేనాడు మనం తలచుకొనవలసిన పని ఉన్నదా? ఎవరికి అమ్మాలి అనే నిర్ణయంలో వారి మేలుకు చోటు ఉన్నదా?

ఈ ప్రశ్న మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మూడవ అధికరణానికి ధర్మస్థీయమని పేరు. ఇళ్ళు, భూములు అమ్మే పద్ధతి అందులో వివరంగా ఉన్నది. అమ్మకానికి వచ్చిన ఆస్తిని కొనే అవకాశం మొదట జ్ఞాతులది, తరువాత సామంతులది, ఆ తరువాత ధనికులది, అనగా అప్పు ఇచ్చినవారిది. వీరెవరూ ముందుకు రానప్పుడే బయటివారి వంతు. సామంతుడనగానే మనకు చక్రవర్తికి కప్పం కట్టే చిన్నరాజు స్ఫురిస్తాడు. ఇక్కడ ఆ మాటకు చుట్టూ ఉన్నవాడు, పొరుగువాడు అని మాత్రమే అర్థం. అమ్మకం చాటుమాటుగా జరుగరాదు. పొరుగున ఉన్న నలభై కుటుంబాలవారు వినేటట్లు ఇంటి ముందర ప్రకటించాలి. ఈ వెలకు కొనేవారెవరని మూడుసార్లు అడగాలి. పోటీ వల్ల వెల పెరిగితే ఆ పెరిగిన సొమ్ము శుల్కంతో సహా రాజు బొక్కసానికే పోతుంది. కౌటిల్యుడు ఎంత జాగ్రత్తపరుడో ఈ చివరి నియమం చెబుతుంది.

గమనింపదగిన సంగతి ఒకటి ఇందులో ఉన్నది. శాస్త్రం పొరుగువానికి ఇచ్చింది ముందుగా కొనే అవకాశం. అతడు ప్రకటించిన వెల చెల్లించాలి. చేతిలో సొమ్ము పెట్టకుండా 'వారికి అమ్మవద్దు' అని అడ్డుపడే అధికారం అతనికి లేదు.

కల్యాణి చాళుక్యుల కాలంలో యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ విషయాన్ని మరికొంత విప్పి చెప్పాడు. ఆ మితాక్షరనే పదమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. భూమి చేతులు మారేటప్పుడు గ్రామస్థుల, జ్ఞాతుల, పొరుగువారి, దాయాదుల సమ్మతి ఉండాలన్న పాతమాటకు విజ్ఞానేశ్వరుడు కారణాలు వెదికాడు. గ్రామస్థుల సమ్మతి అమ్మకం నలుగురికీ తెలియడానికి మాత్రమేనట. అది లేనంత మాత్రాన అమ్మకం చెల్లకపోదు. పొరుగువారి సమ్మతి ఎందుకంటే, రేపు హద్దు తగాదా రాకుండా ఉండడానికి. పొరుగువాని ప్రమేయం ఎంతవరకో ఈ ఒక్క మాటతో తేలిపోతున్నది. అతని ఆసక్తి హద్దు మీద. కొనేవాని కులగోత్రాల మీద కాదు.

కాని ఆచరణలో పొరుగు హక్కు అక్కడితో ఆగలేదు. ముస్లిం ధర్మశాస్త్రంలోని షుఫా అనే హక్కు కూడా పొరుగువానికి ముందుగా కొనే అవకాశం ఇస్తుంది. ఇటువంటి నియమాలు ఉత్తర భారతంలోని పలు సంస్థానాలలో, రాష్ట్రాలలో చట్టాలుగా వెలిశాయి. రేవా రాజ్యపు చట్టం అట్టిది. అది 1962లో భావూరాం, బైజ్‌నాథ్‌ల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పొరుగున ఉన్నందువల్ల మాత్రమే కలిగే ఈ హక్కు వెనుక ఉన్న అసలు ఉద్దేశం అన్య మతస్థులను, అన్య కులస్థులను ఆ ప్రాంతంలోనికి రానీయకపోవడమేనని, రాజ్యాంగం అమలులో ఉన్న దేశంలో అది సమంజసమైన ఆంక్ష కాజాలదని ధర్మాసనం అధికసంఖ్యాక తీర్పుతో ఆ హక్కును కొట్టివేసింది. ఉమ్మడి ఆస్తిలో వాటాదారులకు ఉన్న హక్కును మాత్రం నిలబెట్టింది.

ఆ భయం ఎంత నిజమో మరొక దేశపు అనుభవం కూడా చెబుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒక వీధివారు, నల్లజాతివారిని గాని మంగోలు జాతివారిని గాని యాభై సంవత్సరాలపాటు తమ ఇళ్ళలో ఉండనీయరాదని 1911లో ఒడంబడిక వ్రాసుకొన్నారు. 1945లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం ఈ సంగతి తెలియకుండానే అక్కడ ఇల్లు కొన్నది. అమ్మినవారికి లేని అభ్యంతరం ఇతర యజమానులకు కలిగింది. అట్టి ఒడంబడికలను న్యాయస్థానాలు అమలు జరుపరాదని 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇళ్ళ అమ్మకంలో జాతి వివక్షను నిషేధించే చట్టం రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. మన పట్టణాలలో ఇటువంటి ఒడంబడికలు కాగితం మీద అరుదు. అయితే 'మావాళ్ళకే అమ్మండి' అనే మాట మాత్రం అరుదు కాదు.

అట్లయితే అమ్మేవాడు పొరుగును పూర్తిగా మరచిపోవచ్చునా? నా అభిప్రాయంలో మరచిపోరాదు. ఆ ఇంటిలో ఎవరు ఉంటారని అడిగే అర్హత పొరుగువారికి లేదు. అక్కడ ఏమి జరుగబోతున్నదని అడగడం వేరు సంగతి. వెలుతురు, గాలి, మురుగునీటి పారుదల, దుర్వాసన, చప్పుడు ఇవన్నీ గోడ దాటి వస్తాయి. ఒక మండల కేంద్రంలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు తన పెంకుటిల్లు అమ్మదలచినాడు అనుకొందాం. కాపురం ఉండడానికి అడిగిన కుటుంబం ఒక వెల చెప్పింది. పురుగుమందుల గిడ్డంగి పెట్టదలచిన వర్తకుడు మూడు లక్షలు ఎక్కువ ఇస్తానన్నాడు. గిడ్డంగి పెట్టరాదని షరతు వ్రాయించుకొని వర్తకునికే అమ్మవచ్చు కదా అని తోచవచ్చు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం పదకొండవ సెక్షన్ ప్రకారం, పూర్తి హక్కులతో అమ్మిన తరువాత ఆ ఆస్తిని ఇట్లా అనుభవించాలని పెట్టే షరతు సాధారణంగా చెల్లదు. అమ్మేవానికి ప్రక్కనే మరొక ఆస్తి ఉండి, దాని మేలు కోసం పెట్టిన షరతుకు మాత్రం మినహాయింపు ఉన్నది. కావున ఊరు విడిచిపోయే ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది కొనేవానిని ఎంచుకొనే ఆ ఒక్క ఘడియే.

సౌకర్యంగా బ్రతుకుతున్నవాడైతే ఆ మూడు లక్షలు వదలుకోవడమే న్యాయమని నేనంటాను. ముప్పై ఏళ్ళు ఆ వీధి గాలి పీల్చినవాడు పోతూపోతూ దానిని పాడుచేయరాదు. భార్యకు శస్త్రచికిత్స చేయించడానికే ఇల్లు అమ్ముకొంటున్నవానిని మాత్రం త్యాగం చేయమని కోరే అధికారం ఎవరికీ లేదు. అప్పుడు పొరుగువారు కౌటిల్యుని పద్ధతినే పాటించాలి: తామే ఆ వెలకు కొనాలి, లేదా తలా కొంత వేసుకొని ఆ తేడా పూడ్చాలి.

వెల ప్రసక్తి లేని విషయం ఇంకొకటి ఉన్నది. సామాన్యంగా తగాదాలు పుట్టేది అక్కడే. పాత ఇళ్ళ మధ్య నోటిమాట మీద నడిచే ఏర్పాట్లు చాలా ఉంటాయి. వెనుక ఇంటివారు మన దొడ్డిదారిన నడుస్తారు. ప్రక్కవారి చూరునీరు మన పెరటిలో పడుతుంది. ఇరవై సంవత్సరాలు అడ్డు లేకుండా, హక్కుగా అనుభవించిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం రక్షణ ఇస్తుంది. కాని 'నడవండి, ఫరవాలేదు' అని మనం దయతో ఇచ్చిన అనుమతి కొత్త యజమానిని బంధించదు. ఇల్లు అమ్ముడైన మరునాడు దొడ్డిదారికి తాళం పడితే వెనుక ఇంటివారు ఎవరిని అడుగుతారు? అందువల్ల బయానా తీసుకొనక ముందే వారికి ఈ సంగతి చెప్పాలి. కొనేవానిని పెరటిలోనికి తీసుకొనిపోయి ఆ దారి చూపాలి. అతడు సమ్మతిస్తే ఆ దారి హక్కును తగినరీతిగా వ్రాయించి రిజిస్టరు చేయించాలి. సమ్మతింపకపోతే వేరే దారి చూసుకొనడానికి వెనుక ఇంటివారికి కొంత వ్యవధి అయినా దొరుకుతుంది.