ఉసిళ్ళు, రేష్మె పురుగులు: కీటకాలు ఆహారమైన కథ



ఈసారి పాఠం చదివి కొందరు ముఖం చిట్లించవచ్చు. పూర్తిగా చదివాక చిట్లించండి, నాకు అభ్యంతరం లేదు.

తొలకరి వాన పడిన సాయంత్రం బాగేపల్లి, చింతామణి పల్లెల్లో దీపం చుట్టూ ఉసిళ్ళు ముసరడం మీరందరూ చూసినదే. కన్నడంలో వీటిని ఈసలు అంటారు. ఇవి వేరే జాతి పురుగులు కావు, చెదలే. పుట్టలో ఉండే పనివాళ్ళ చెదలకు రెక్కలుండవు. నేల తడిసి గాలిలో చెమ్మ చేరాక, రెక్కలున్న ఆడ, మగ చెదలు కొత్త పుట్ట పెట్టడానికి బయటికి వస్తాయి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చి, జతకట్టి మట్టిలో దూరుతాయి. కొత్తచోట సంసారం నిలబడేదాకా వాటికి ఒంట్లోని కొవ్వే ఆధారం. వేయిస్తే నూనె లేకుండానే కమ్మటి వాసన వచ్చేది అందుకే.

పాతకాలం వాళ్ళు పుట్ట పక్కన గుంత తవ్వి, దీపం పెట్టి వీటిని పట్టేవారు. పెనం మీద వేయించి, చేటతో చెరిగి రెక్కలు పోగొట్టి, ఉప్పు కారం చల్లి, బొరుగులూ పప్పులూ కలిపి తినేవారు. ఇది సరదా తిండి మాత్రమే కాదు. తొలకరి అంటే విత్తనాలు వేసే రోజులు. పోయిన పంట గింజలు గాదెలో అడుగంటే రోజులు. 100 గ్రాముల రాగుల్లో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే. సంగటి తప్ప మరేమీ లేని ఇంటికి ఉసిళ్ళు మాంసకృత్తులనూ, కొవ్వునూ కలిపి ఇచ్చేవి, అదీ డబ్బు ఖర్చు లేకుండా.

నేను పల్లెబడిలో జీవశాస్త్రం చెప్పే రోజుల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉసిళ్ళు కలిపిన బొరుగులు డబ్బాలో తెచ్చింది. పక్క బెంచీ పిల్లలు పురుగులు తింటుందని వెక్కిరించారు. తరువాత నాలుగు రోజులు ఆ పిల్ల మధ్యాహ్నం ఏమీ ముట్టకుండా కూర్చుంది. నేను నల్లబల్ల మీద పుట్టను నిలువుగా కోసినట్టు బొమ్మ వేశాను. మన వైపు పుట్టలు పెట్టే చెదలు లోపల ఒక రకం బూజును పెంచి తింటాయి. ఆ బూజు నుంచే వానాకాలంలో పుట్ట మీద గొడుగులు లేస్తాయి. పుట్టగొడుగుల కూర ఎవరింట్లో తింటారని అడిగితే చాలా చేతులు లేచాయి. అది చెదల వ్యవసాయమేనని చెప్పాను. తరగతి నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ ఉసిళ్ళు తేలేదు.

ఇంతకన్నా పెద్ద విషయం మన జిల్లాలోనే ఉంది. శిడ్లఘట్ట రేష్మె గూళ్ళ మార్కెట్టు దేశంలోని పెద్దవాటిలో ఒకటి. పచ్చి గూడు బరువులో సుమారు అయిదింట నాలుగు వంతులు లోపలి పురుగుదే. అంటే రైతు 10 కిలోల గూళ్ళు తెస్తే అందులో 8 కిలోల దాకా ప్యూపా. దారం తీశాక మిగిలే ప్యూపా నూనెకూ, కోళ్ళ, చేపల మేతకూ పోతుంది. ఆరబెట్టిన ప్యూపాలో దాదాపు సగం మాంసకృత్తులే. ఇదే జాతి పురుగును కొరియాలో ఉడికించి వీధిలో అమ్ముతారు, డబ్బాల్లో కూడా దొరుకుతుంది. అస్సాంలో ఎరి పట్టుపురుగు ప్యూపా ఇష్టమైన వంటకం. మనకేమో పట్టుచీర పెళ్ళికి శుభం, పురుగు పేరు మాత్రం ఎత్తకూడదు!

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వెలువరించిన నివేదిక, ప్రపంచంలో మనుషులు తినే కీటక జాతులు 1900 పైనే అని చెప్పింది. మెక్సికోలో మిడతలు, థాయిలాండ్‌లో పెంచిన కీచురాళ్ళు తింటారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఐరోపా సమాఖ్య 2021లో ఒక రకం పిండిపురుగును ఆహారంగా అనుమతించింది. సింగపూర్ 2024లో 16 జాతులను అనుమతించింది, వాటిలో పట్టుపురుగు ఉంది.

శాకాహారం మీ ఇంటి ఆచారమైతే దాన్ని మార్చుకోమని నేను అనను. అయితే మీ పిల్లలు రేపు బెంగళూరు హాస్టల్లో నాగాలాండ్ పిల్లలతో, అస్సాం పిల్లలతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అసహ్యం పుట్టుకతో రాదు. ఇంట్లో పెద్దల ముఖం చూసి పిల్లలు నేర్చుకుంటారు. పక్కవాడి కంచం చూసి ఛీ అనే అలవాటు కూడా అలా నేర్చుకున్నదే.

తల్లిదండ్రులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రొయ్యలు పడనివారికి కీటకాలు కూడా పడకపోవచ్చు. రెండింటిలోనూ ఒకే రకం మాంసకృత్తి ఉంటుంది. పట్టుపురుగు ప్యూపా తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారి గురించి చైనా వైద్యులు రాశారు. దారం తీసే చోట పడి ఉన్న ప్యూపా త్వరగా కుళ్ళుతుంది. అది మనుషుల తిండికి సిద్ధం చేసినది కాదు, తెచ్చి వండకండి. పొలంలో మందు కొట్టిన చోట, ఇంటికి చెదల మందు వేయించిన చోట ఉసిళ్ళు పట్టవద్దు.

విద్యార్థులకు సెలవుల్లో ఒక పని. మీ అవ్వను, తాతను అడిగి ఒక పేజీ రాసి పంపండి. ఉసిళ్ళు ఏ నెలలో, ఏ వాన తరువాత వచ్చేవి? ఎలా పట్టేవారు, ఏం కలిపి తినేవారు? ఎప్పుడు మానేశారు, ఎందుకు? మీ ఊళ్ళో వాటిని పిలిచే పేరు తెలుగులోనూ, కన్నడంలోనూ రాయండి.