ఏ వ్యాయామం మంచిది? కొత్తగా మొదలుపెట్టే తల్లిదండ్రులకు 8 వారాల టైమ్‌టేబుల్



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో పిల్లల మార్కుల గురించి మాట్లాడడం అయ్యాక చాలామంది తమ ఆరోగ్యం సంగతి కూడా చెబుతుంటారు. "షుగర్ బార్డర్‌లో ఉందన్నారు మేడమ్", "రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది", "జిమ్‌కి ఏడాది ఫీజు కట్టి పదిహేను రోజులు కూడా వెళ్లలేదు". చివరికి అందరి ప్రశ్నా ఒకటే: వాకింగా, యోగానా, జిమ్మా, జుంబానా?

నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని, ఫిట్‌నెస్ ట్రైనర్‌ని కాదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చెప్పాలని బీఈడీలో నేర్చుకున్నాం. అదే పద్ధతిలో, మా పీఈటీ సార్‌ని అడిగి తెలుసుకుంటూ ఈ పాఠం తయారుచేశాను.

ముందు సిలబస్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. దాంతోపాటు వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం కూడా ఉండాలి. అంటే ఇందులో రెండు సబ్జెక్టులున్నాయి. మనలో చాలామంది వాకింగ్ అనే మొదటి సబ్జెక్టు మాత్రమే చదివి, రెండోది వదిలేస్తున్నాం.

వయసు పెరిగేకొద్దీ, పని చెప్పకపోతే కండ తగ్గిపోతుంది. మనం తిన్న అన్నం నుంచి రక్తంలోకి చేరే చక్కెరను వాడుకోవడంలో కండరాలదే పెద్ద పాత్ర. అందుకే షుగర్ భయం ఉన్న ఇళ్లలో రెండో సబ్జెక్టు ఇంకా ముఖ్యం.

కాబట్టి మంచి రొటీన్‌కి మూడు గుర్తులు పెట్టుకోండి. ఒకటి, అందులో ఆయాసం తెప్పించేదీ, బలం పెంచేదీ రెండూ ఉండాలి. రెండు, ఈ రోజు మీ శరీరం చేయగలిగిన చోట నుంచే మొదలవ్వాలి. మూడు, మీ ఇంటి టైముకు సరిపోవాలి. ఈ మూడూ ఉంటే జిమ్ అయినా, ఇల్లు అయినా ఫలితం వస్తుంది.

టైమ్‌టేబుల్

సోమవారం నుంచి శుక్రవారం వరకు నడక:
1, 2 వారాలు: రోజుకు 15 నిమిషాలు
3, 4 వారాలు: రోజుకు 20 నిమిషాలు
5, 6 వారాలు: రోజుకు 25 నిమిషాలు
7, 8 వారాలు: రోజుకు 30 నిమిషాలు

మొదటి వారంలో మొత్తం 75 నిమిషాలు, ఎనిమిదో వారానికి 150 నిమిషాలు అవుతాయి. వేగం ఎంత అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కూరగాయలు చూసుకుంటూ నడిచే నడక ఈ లెక్కలోకి రాదు.

బుధవారం, శనివారం బలం పెంచే వ్యాయామాలు: సుమారు 20 నిమిషాలు. ఈ రెండు రోజుల మధ్య ఖాళీ కావాలని ఉంచాం. అలసిన కండరం తేరుకుని బలపడేది విశ్రాంతిలోనే.

ఆదివారం: రూల్ ఏమీ లేదు. పిల్లలతో షటిల్ ఆడండి, చాలు.

ఐదు వ్యాయామాలు

5 నిమిషాలు నిలబడిన చోటే నడిచి, చేతులు భుజాలు తిప్పి ఒళ్లు వేడెక్కించుకున్నాక మొదలుపెట్టండి.

1. కుర్చీ మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. మన తాతల కాలం బస్కీలకు ఇది మొదటి మెట్టు.
2. గోడకు చేతులు ఆనించి పుషప్స్. సులువైపోయాక వంటగది గట్టు మీద, ఆ తర్వాత నేల మీద.
3. పిల్లల స్కూల్ బ్యాగ్‌తో లాగడం. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగండి. రెండో చేత్తో బ్యాగ్‌ని నడుము దాకా లాగండి. బరువు ఎక్కువైతే కొన్ని పుస్తకాలు తీసేయండి.
4. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకి ఎత్తడం.
5. రెండు చేతుల్లో సమాన బరువున్న సంచులు పట్టుకుని, నిటారుగా 30 సెకన్లు హాల్లో నడవడం.

మొదటి నాలుగూ 8 నుంచి 12 సార్లు చేయండి. మొదటి రెండు వారాలు ఒక్కో సెట్, మూడో వారం నుంచి రెండేసి సెట్లు. "ఇంకో రెండు మూడు చేయగలను" అనిపించినప్పుడే ఆపేయండి. మొదటి రోజే ఒళ్లు హూనం చేసుకుంటే రెండో రోజు రాలేరు. మర్నాడో ఆ మర్నాడో కండరాలు కొంచెం పట్టేసినట్టు ఉండడం మామూలే. కీలులో పోటులాంటి నొప్పి వస్తే మాత్రం అది మామూలు కాదు, ఆ వ్యాయామం ఆపండి.

ఎప్పుడు పెంచాలి?

1940లలో అమెరికా సైన్యంలో థామస్ డెలార్మ్ అనే డాక్టర్, గాయపడిన సైనికుల కాళ్లకు బలం తేవడానికి బరువును కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయించాడు. ఈ రోజు ప్రతి జిమ్‌లో వినిపించే 'పదేసి చొప్పున మూడు సెట్లు' ఆ పని నుంచి వచ్చిందే. సూత్రం చాలా చిన్నది: శరీరం ఒక పనికి అలవాటు పడ్డాక, పని కొంచెం పెరగాలి. రెండు సెట్లలోనూ 12 సార్లు తేలిగ్గా అవుతుంటే, బ్యాగ్‌లో ఇంకో పుస్తకం పెట్టండి. అక్షరాలు రానిదే వ్యాసం రాయించం కదా, ఇదీ అంతే.

తల్లిదండ్రుల సందేహాలు

పొట్ట మాత్రమే తగ్గే వ్యాయామం చెప్పండి?
అలాంటిది లేదు. క్రంచెస్‌తో పొట్ట కండరం బలపడుతుంది కానీ, దాని మీది కొవ్వు మాత్రమే కరగదు. ఒళ్లంతా కదలాలి, ప్లేటులో అన్నం కొంచెం తగ్గి పప్పు, కూర పెరగాలి.

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా?
ఆ సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది, పరిశోధనలోంచి కాదు. ఇప్పుడు 3,000 నడిచేవాళ్లు 5,000కు చేరినా లాభమే. రాత్రి భోజనం అయ్యాక 10, 15 నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్‌ని అదుపులో ఉంచడానికి సాయపడుతుంది. ఆ నిమిషాలను కూడా లెక్కలో కలపండి.

ముందు డాక్టర్‌ని అడగాల్సినవాళ్లు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా అడగాలి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. వ్యాయామంలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే వెంటనే ఆపి హాస్పిటల్‌కి వెళ్లండి. "గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంట్లో కూర్చోవద్దు.

అమ్మలకు టైమ్ ఎక్కడిది?

తెల్లవారుజామున లేచి మూడు బాక్సులు సర్దే అమ్మను "రేపటి నుంచి వాకింగ్‌కి వెళ్లు" అంటే అది సలహా కాదు, ఇంకో పని. ఇంట్లో ఎవరో ఒకరు ఆ 20 నిమిషాలు తీసి ఆమె చేతిలో పెట్టాలి. నాన్నగారూ, బుధవారం, శనివారం టిఫిన్ బాక్సుల పని మీరు తీసుకుంటారా? వాటర్ బాటిళ్లు నింపడం, బ్యాగ్ సర్దుకోవడం ఐదో తరగతి పిల్లలకు బాగానే వచ్చు.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారంలో ఉన్న గేమ్స్ పీరియడ్లు ఒక్కటే దానికి సరిపోవు. మిగతాది సాయంత్రం ఇంటి దగ్గర దొరకాలి. ట్యూషన్‌కీ హోంవర్క్‌కీ మధ్య ఆ గంట మిగలాలంటే దాన్ని కాపాడాల్సింది మనమే.

ఈ నెల మీ హోంవర్క్

పాత నోట్‌బుక్‌లో 8 వారాల గడులు గీసి ఫ్రిజ్ మీద అంటించండి. చేసిన రోజు టిక్ పెట్టే పని మీ పిల్లలకు అప్పగించండి. ఒక రోజు తప్పితే ఆ బాకీ మర్నాడు రెండింతలు చేసి తీర్చొద్దు, మామూలుగా కొనసాగించండి. వారం మొత్తం తప్పితే ముందటి వారం గడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఈ పరీక్షలో ఫెయిల్ అనేది లేదు, సప్లిమెంటరీ ఎప్పుడైనా రాయొచ్చు.