బడిలో పేరుంటే చాలునా?



ఈ నెల ఆరోగ్య పాఠంలో వికలాంగ పిల్లల చదువు గురించి వ్రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో బడి సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చును. మా ఓ.పి.లో కూర్చున్న తల్లులను "పిల్లగాడు బడికి పోతున్నడా అమ్మా?" అని అడిగితే వచ్చే జవాబులు వినండి. "ఫిట్స్ వస్తయని సారు పంపొద్దన్నడు." "ఒంటేలుకు ఎవరు తీసుకపోతరు సిస్టరమ్మా?" "కూసుంటే పక్కకు ఒరుగుతడు." ఇవన్నీ ఆరోగ్య సంగతులే గదా! అన్నిటికంటె ఎక్కువగా వినేది ఇంకొకటి ఉన్నది: "పేరైతే ఉన్నది గని, పోతలేడు."

పేరు వరకు చట్టం మన పక్షముననే ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల ఏ పిల్లవానినీ ఊరి బడి కాదనకూడదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం గలవారికి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. అది దగ్గరి బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే. సదరం పత్రం గాని యు.డి.ఐ.డి. కార్డు గాని ఇంకా రాలేదని పిల్లవానిని ఇంట్లో ఆపవద్దు. పింఛనుకు, ఇతర సహాయాలకు ఆ కాగితం కావాలి, బడిలో చేరడానికి అక్కర లేదు. అయితే రిజిస్టరులో పేరు ఎక్కిన తరువాత ఆ బిడ్డ తరగతిలో ఎక్కడ కూర్చుంటాడు, ఏమి వింటాడు, ఎట్లా మూత్రానికి పోతాడు అనేది ఏ చట్టమూ వచ్చి చూడదు. అది మనమే చూడాలి.

బొల్లా శ్రీకాంత్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో పుట్టుచూపు లేకుండా పుట్టినాడు. ఆరేళ్ల వయసులో అన్న వెంట కొన్ని కిలోమీటర్లు నడిచి ఊరి బడికి పోయేవాడు. రెండేళ్లు పోయినాడు. అక్కడ ఆయనను వెనుక బెంచీలో కూర్చోబెట్టారు, ఎవరూ మాట్లాడేవారు కారు. పేరున్నది, హాజరున్నది, చదువు మాత్రం లేదు. తరువాత హైదరాబాదులో అంధుల పాఠశాలకు పోయి బాగా చదివినాడు. పదవ తరగతి అయినాక సైన్సు తీసుకుంటానంటే, చూపు లేనివారికి వీలులేదన్నారు. కోర్టుకు పోయి, ఆరు నెలలు ఎదురుచూచి, సైన్సు చదివే అనుమతి సంపాదించి, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. ఆ తరువాత అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించినాడు. ఈ కథ చెప్పి "మీ వాడు కూడా అంతటివాడు కావాలి" అని చాలామంది అంటారు. మాకు దానికంటె ఆ వెనుక బెంచీ ముఖ్యం. వందమందిలో ఒకడు దానిలోంచి లేచి వస్తాడు. మిగతావారు రెండేళ్లకు మానివేస్తారు.

ముందుగా కూర్చునే సంగతి. పుట్టుకలో మెదడుకు దెబ్బ తగిలిన పిల్లలు (సెరిబ్రల్ పాల్సీ) పక్కకు ఒరిగిపోతుంటే, వారి బలమంతా పడిపోకుండా ఆపుకోవడానికే అయిపోతుంది. ఇక పాఠం ఎక్కడ వింటారు? నడుము కుర్చీ వెనుకకు ఆనాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, అందకపోతే కాళ్ల కింద పీట వేయాలి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. నేలమీద పట్టాలపై కూర్చునే తరగతిలోనైతే, రెండు గోడలు కలిసే మూలకు ఆనించి, రెండు పక్కలా దిండ్లు పెట్టితే చాలామంది నిలకడగా కూర్చుంటారు. కాని ఆ మూల బ్లాకుబోర్డు పక్క మూల కావాలి, వెనుక మూల కాదు! కాలిపర్లు వేసుకునే పిల్లలకు సాయంత్రం ఇంటికి రాగానే విప్పి చర్మం చూడండి. ఎర్రని మచ్చ అరగంటలో పోకపోతే కాలిపర్ ఒరుసుకుంటున్నదని గుర్తు. పుండు అయ్యేదాకా ఆగవద్దు.

చెవులు, కళ్లు ముందే పరీక్ష చేయించండి. "మొద్దు" అని పేరు పడ్డ పిల్లల్లో చీము కారే చెవి గలవారిని, దూరపు చూపు లేనివారిని ఎందరినో మేము చూచినాము. చెవిలో నూనె, ఆకు పసరు పోయవద్దు, పొడిగా ఉంచి వైద్యునికి చూపండి. వినికిడి పరీక్ష అవసరమైతే వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి పంపుతాము, కేసముద్రం నుండి రైలులో పోయి రావచ్చు. మిషను పెట్టుకునే బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టమని, బోర్డువైపు తిరిగి మాట్లాడవద్దని టీచరును మర్యాదగా అడగండి. బ్యాటరీ అయిపోయిన మిషను చెవిలో బిరడాతో సమానం. ప్రతి ఉదయం చూచి పంపండి.

ఫిట్స్ అంటే టీచర్లకు భయం. తప్పుపట్టలేము, ఎవరూ నేర్పలేదు. మీరే నేర్పండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, దగ్గరి బల్లలు జరపాలి, గడియారం చూడాలి. నోట్లో చెంచా గాని నీళ్లు గాని పెట్టవద్దు. చేతిలో తాళపుచెవులు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ అక్కర లేదు. ఐదు నిమిషాలలో ఆగకపోతే, లేదా వెంటనే మళ్లీ వస్తే 108కి ఫోను చేయాలి. ఇది ఒక కాగితం మీద వ్రాసి, మీ ఫోను నంబరుతో సహా టీచరు చేతికివ్వండి. మందు వేసుకున్నాక తరగతిలో నిద్రపోతున్నాడంటే డాక్టరుగారికి చెప్పండి, మోతాదు గాని వేళ గాని మార్చుతారు. మీ అంతట మీరు మందు ఆపితే ఫిట్స్ ఇంకా ఎక్కువై వస్తాయి.

ఇక ఎవరూ పైకి చెప్పని సంగతి, మరుగుదొడ్డి. బడి మానడానికి మేము చూచినంతలో ఇదే పెద్ద కారణం. కొందరు తల్లులు పొద్దున బిడ్డకు నీళ్లు తాగనివ్వరు, బడిలో ఒంటేలు రాకూడదని. ఆ బిడ్డకు మూత్రంలో మంట, జ్వరం, మలబద్ధకం వస్తాయి. అప్పుడు మా దగ్గరికి వస్తారు, పది రోజులు బడి పోతుంది. దాని బదులు వేళ అలవాటు చేయండి. ఇంట్లో సెలవుల్లోనే రెండు మూడు గంటలకొకసారి కూర్చోబెట్టండి. బడిలో మొదటి విరామం, భోజనం, రెండవ విరామం ఆ వేళలకు సరిపోతాయి. నాడా బదులు ఎలాస్టిక్ లాగు కుట్టించండి, సగం పని తగ్గుతుంది. బడి దొడ్డిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉన్నదా, వాకిలికి ర్యాంపు ఉన్నదా అని హెడ్‌మాస్టరుగారిని అడగండి. అది దయ కాదు, మీ బిడ్డ హక్కు.

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మాన్పించేవారు ఇంకా ఉన్నారు. బుద్ధిమాంద్యం గల అమ్మాయి కూడా గుడ్డ లేక ప్యాడు మార్చుకోవడం నేర్చుకుంటుంది. ఎర్రరంగు చుక్కతో, ఒక్కొక్క మెట్టుగా, నెలల తరబడి ఇంట్లో చూపించాలి. ఓపిక కావాలి, అంతే. మా సిస్టర్లు నేర్పుతారు, తల్లితో కలిసి రండి.

మండలాల్లోని భవిత కేంద్రాల సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు అక్కడ ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. కదలలేని బిడ్డకు ఇంటికి వచ్చి చెప్పే ఏర్పాటు ఉన్నది. రవాణా భత్యం, వెంట వచ్చేవారికి ఎస్కార్టు భత్యం, ఆడపిల్లలకు ఉపకార వేతనం వంటివి కూడా ఉన్నవి. మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. మిరపకాయ ఏరే రోజుల్లో తల్లిదండ్రులిద్దరూ కూలికి పోతే బిడ్డ నాయనమ్మ దగ్గర మంచంలోనే ఉండిపోతున్నాడు. ఎస్కార్టు భత్యం ఇట్టివారి కోసమే.

ప్రత్యేక పాఠశాలలు వద్దని మేము అనడం లేదు. మిషనరీలే మన దేశంలో వాటిని మొదలుపెట్టినవారిలో ముందున్నారు. 1887లో అమృత్‌సర్‌లో అంధుల బడి తెరిచినది ఆనీ షార్ప్ అనే మిషనరీయే. సైగల భాష అవసరమైన చెవిటి బిడ్డకు, బ్రెయిలీ నేర్వవలసిన బిడ్డకు అవి మేలు చేయవచ్చును. కాని చుట్టుపక్కలవారు ఏమనుకుంటారోనని దూరపు హాస్టలుకు పంపడం వేరు.

సంఘస్థులకు కూడా ఒక మాట. సమూయేలు రెండవ గ్రంథములో మెఫీబోషెతు ఐదేళ్లప్పుడు, దాది ఎత్తుకొని పారిపోతుండగా పడి కుంటివాడైనాడు. (దాదులమైన మేము ఆ వచనము దగ్గర కొంచెము ఆగుతాము.) దావీదు అతనికి భూములు ఇప్పించి ఊరుకోలేదు, రాజకుమారులతో సమానంగా తన బల్ల యొద్దనే భోజనమునకు కూర్చోబెట్టినాడు. మన సండేస్కూలులో, వేసవి వి.బి.ఎస్.లో ఇట్టి పిల్లలు ఎందరు కూర్చుంటున్నారు? మెట్లెక్కలేక తల్లి ఒడిలో గుడి బయటే ఉన్నవారు ఎందరు? ఊరి బడిని అడిగే ముందు మనము మెట్ల పక్కన ఒక ర్యాంపు పోయించవచ్చు, క్రిస్మస్ నాటికలో ఒక గొర్రెల కాపరి వేషము చక్రాల కుర్చీలోని బిడ్డకు ఇవ్వవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

జూన్‌లో బడులు తెరిచే ముందు వారం మీ బిడ్డను ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. కాలిపర్, చెవి మిషను, వేసుకునే మందుల చీటీ, బడికి తొడిగే చెప్పులు వెంట తెండి. టీచరుకు ఇవ్వవలసిన కాగితం మీతో కలిసి ఇక్కడే వ్రాసి ఇస్తాము.