భుజం నొప్పా? చెయ్యి కదపడం మానకండి



ఉదయం పిల్లల బ్యాగు ఒంటిచేత్తో ఎత్తి బండి ముందు పెట్టడం, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా హ్యాండిల్ బిగించి పట్టుకోవడం, వంటింట్లో పై అరలోని డబ్బా అందుకోవడం. భుజం నొప్పి ముందుగా బయటపడేది ఇలాంటి పనుల్లోనే. నొప్పి రాగానే చాలామంది ఆ చేతిని వాడడమే మానేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

స్పోర్ట్స్ డే నాడు పిల్లలు చెంచాలో నిమ్మకాయతో పరుగెత్తడం చూసే ఉంటారు. భుజం కీలు ఇంచుమించు అలాంటిదే. చేతి ఎముక తల పెద్దది, అది ఆనుకునే గుంట చిన్నది, లోతు తక్కువ. ఆ తలను పక్కకు జారకుండా పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు, వెనక రెక్క ఎముకను నిలిపే కండరాలు. చెయ్యి వాడకపోతే ఇవి బలహీనపడతాయి, కీలు బిగుసుకుపోతుంది.

నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో బాగున్న చేతిని బల్ల మీద ఆనించి ముందుకు వంగండి. నొప్పి ఉన్న చేతిని వదులుగా వేలాడనిచ్చి, ఒంటిని మెల్లగా ఊపుతూ చిన్న చిన్న సున్నాలు చుట్టించండి. ఒక నిమిషం చాలు.

కాస్త తగ్గాక గోడ దగ్గరికి రండి. మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తున గోడకు ఆనించి, మోచేతులు మడుస్తూ ముందుకు వంగి, మళ్లీ వెనక్కి రండి. పదిసార్లు. చాలామంది ఇక్కడ భుజాలను చెవుల దాకా ఎగరేస్తారు, అప్పుడు శ్రమంతా మెడ మీద పడుతుంది. రెక్క ఎముకలను కొంచెం వెనక్కి, కిందికి లాగి ఉంచాలి. ఇది ముందు కూర్చుని అలవాటు చేసుకోవచ్చు: లాగి, ఐదు సెకన్లు ఆపి, వదలండి.

వ్యాయామం తర్వాత కొద్దిగా సలిపినా తెల్లారేసరికి సర్దుకోవాలి. సర్దుకోకపోతే మర్నాడు సగమే చేయండి. పంటి బిగువున చేసే పని కాదిది.

తల దువ్వుకోవడానికి, వీపు వెనక్కి చెయ్యి పెట్టడానికి రోజురోజుకూ కష్టమవుతుంటే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. 40 నుంచి 60 ఏళ్ల వారిలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. డాక్టర్‌కు చూపించి, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. బండి మీద నుంచి పడ్డాక చెయ్యి లేవకపోతే వ్యాయామం జోలికి వెళ్లకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. భుజం నొప్పితో పాటు ఛాతీ బిగపట్టినట్టున్నా, చెమటలు, ఆయాసం ఉన్నా అది గుండె సమస్య కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ బ్యాగు సంగతి. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం దాని బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. అంటే 30 కిలోల పాపకు 3 కిలోలు. ఈ ఆదివారం ఇంట్లో తూచి చూడండి. ఎక్కువుంటే డైరీలో రాసి క్లాస్ టీచర్‌కు పంపండి.