బే ఏరియాలో ఆటిజం పిల్లల కుటుంబాలకు తోడు ఎక్కడ దొరుకుతుంది?

శాన్‌హోసేలోనో ఫ్రీమాంట్‌లోనో కొత్తగా దిగిన తెలుగువాళ్లు ముందు వెతుక్కునేది తెలుగువాళ్లనే. అద్దె ఇల్లు, సోనా మసూరి బియ్యం, పిల్లల డాక్టరు, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే తెలుస్తాయి. పిల్లాడికి ఆటిజం ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు మాత్రం ఆ దారి సగం దూరమే తీసుకెళ్తుంది. ఇక్కడ పిల్లలకు అందే సాయం చాలావరకు మీ ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. ఇలాంటి పిల్లలకు సేవలు ఏర్పాటు చేసే రీజనల్ సెంటర్లలో మీది ఏది, మీది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నది దాంతోనే తేలుతుంది. డబ్లిన్‌లో ఉండే తెలుగావిడ మాట సన్నీవేల్‌లో ఉన్న మీకు ధైర్యం ఇస్తుంది. మీ డిస్ట్రిక్ట్‌లో ఉత్తరం ఎవరికి రాయాలో మాత్రం మీ పక్క వీధి చైనీస్ అమ్మకో మెక్సికన్ నాన్నకో బాగా తెలుస్తుంది. అందుకే ఒకటి కాదు, రెండు గ్రూపులు చూసుకోండి: పనికి ఒకటి, మనసుకు ఒకటి.

గ్రూపు దొరికేదాకా ఆగొద్దు

"మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అని ఊరి నుంచి ఫోన్లో చెబుతూనే ఉంటారు. వినండి, కానీ దరఖాస్తు ఆపకండి.

బిడ్డకు మూడేళ్లు నిండకపోతే 'ఎర్లీ స్టార్ట్' అనే పథకం ఉంది. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే రీజనల్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగవచ్చు. అడిగిన 45 రోజుల్లో పరీక్షలు చేసి, సేవల ప్రణాళిక కోసం మీతో కూర్చోవాలి.

మూడేళ్లు దాటితే స్కూల్ డిస్ట్రిక్ట్‌ను అడగాలి. పిల్లాడు ఇంకా ఏ బడిలోనూ చేరకపోయినా సరే. నోటిమాటగా కాక ఈమెయిల్‌లోనో ఉత్తరంలోనో అడగండి, గడువు ఆ తేదీ నుంచే లెక్క. మామూలుగా 15 రోజుల్లో పరీక్షల ప్రణాళిక మీ చేతికి రావాలి. మీరు సంతకం చేసి ఇచ్చాక 60 రోజుల్లో ఐఈపీ, అంటే బిడ్డకు స్కూలు ఇచ్చే ప్రత్యేక విద్య ప్రణాళిక, మీటింగ్ జరగాలి. పెద్ద సెలవులు ఈ లెక్కలోకి రావు. మీటింగ్‌లో తెలుగు దుబాసీని అడిగే హక్కు మీకు ఉంది.

స్కూలు ఇచ్చే అర్హత వేరు, డాక్టరు చేసే నిర్ధారణ వేరు. థెరపీకి ఇన్సూరెన్స్ డబ్బు కట్టాలంటే రెండోది కావాలి. ఒకటి వచ్చింది కదా అని రెండోది వదిలేయకండి.

కాలిఫోర్నియాలో 21 రీజనల్ సెంటర్లు ఉన్నాయి. 1969 నాటి లాంటర్‌మన్ చట్టం వాటికి ఆధారం. శాంటా క్లారా కౌంటీ వాళ్లకు శాన్ ఆండ్రియాస్, అలమీడా, కాంట్రా కోస్టా వాళ్లకు ఈస్ట్ బే, శాన్ మాటియో, శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లకు గోల్డెన్ గేట్. వీటికి పౌరసత్వంతో పని లేదు. హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నా వెళ్లవచ్చు.

పని తెలిసిన గ్రూపు

శాన్‌హోసేలో 'పేరెంట్స్ హెల్పింగ్ పేరెంట్స్' అనే సంస్థ 1976 నుంచి ఉంది. తమ పిల్లల కోసం తిరిగి తిరిగి దారి తెలుసుకున్న తల్లిదండ్రులే కొత్తవాళ్లకు చెబుతారు. ఇలాంటి ఫ్యామిలీ రిసోర్స్ సెంటర్లు మిగతా కౌంటీల్లోనూ ఉన్నాయి. మీది ఏదో రీజనల్ సెంటర్‌ను అడిగితే చెబుతారు.

చాలామంది కొత్తవాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. ప్రత్యేక విద్య కోసం స్కూల్ డిస్ట్రిక్ట్‌లు 'సెల్పా' అనే ఏర్పాటు కిందకు వస్తాయి. ప్రతి సెల్పాకూ ఒక కమ్యూనిటీ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. చట్ట ప్రకారం అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ మీటింగులకు ఎవరైనా వెళ్లవచ్చు. వెళ్లి వెనక వరసలో కూర్చున్నా చాలు, మీ డిస్ట్రిక్ట్‌లో ఏది అడిగితే ఇస్తారో, ఏది గట్టిగా అడగాలో అర్థమవుతుంది. మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో జరిగే కబుర్లు ఇంకా విలువైనవి.

అక్కడ ఈ ప్రశ్నలు అడగండి. మూడో పుట్టినరోజుకు ఎర్లీ స్టార్ట్ ఆగిపోయేలోపు స్కూలు సేవలు మొదలవ్వాలంటే ఎప్పటినుంచి కదలాలి? ఇంట్లోవాళ్లకు కాస్త ఊపిరి పీల్చుకునే వీలిచ్చే రెస్పైట్ గంటలు ఎలా అడగాలి? మన కంపెనీ ఇన్సూరెన్స్ సెల్ఫ్-ఫండెడ్ అయితే ఏం చేయాలి? ఆటిజం థెరపీకి ఇన్సూరెన్స్ చెల్లించాలన్న రాష్ట్ర చట్టం 2012 జులై నుంచి అమల్లో ఉంది. కానీ కంపెనీ తన సొంత డబ్బుతో నడిపే ప్లాన్‌కు అది వర్తించదు. అందుకే ముందు హెచ్ఆర్‌ను అడిగి ప్లాన్ ఏ రకమో తెలుసుకోండి.

మనసు విప్పే గ్రూపు

"అత్తగారు ఆర్నెల్లకు వస్తున్నారు, పిల్లాడి సంగతి ఎలా చెప్పాలి?" "పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానేశాం." ఈ మాటలు ఇంగ్లిష్‌లో చెప్పినా బరువు దిగదు. దక్షిణాసియా కుటుంబాల కోసం బే ఏరియాలో 'జీనా' అనే సంస్థ ఉంది. ఫ్రీమాంట్‌లోని 'ఫ్రెండ్స్ ఆఫ్ చిల్డ్రన్ విత్ స్పెషల్ నీడ్స్' సంస్థను 1996లో చైనీస్ అమెరికన్ కుటుంబాలు మొదలుపెట్టాయి. పెద్దలు, బంధువులు, పదిమంది ఏమనుకుంటారోనన్న బెంగ మనకెంతో వాళ్లకూ అంతే కాబట్టి అక్కడ మనకు పరాయితనం అనిపించదు. తెలుగువాళ్లు కావాలంటే థెరపీ క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో మాట కలపండి. ఇద్దరు దొరికితే ముగ్గురవుతారు.

ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా అంటే తొందరపడకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మతో మాట్లాడే భాషను తీసేస్తే బిడ్డకు అమ్మమ్మే దూరమవుతుంది.

మీటింగులన్నీ అమ్మ ఒక్కతే తిరిగే ఇళ్లు మనలో ఎక్కువ. సాయంత్రం ఆన్‌లైన్‌లో జరిగేవి చూసుకుని నాన్నలూ కూర్చోవాలి. ఐఈపీ బల్ల దగ్గర ఇద్దరూ ఒకే మాట మీద ఉంటే ఆ మాటకు బలం.

ఏ గ్రూపు వద్దు

ఆటిజం పూర్తిగా నయం చేస్తామనే చోట ఆగకండి. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే కీలేషన్, బ్లీచ్‌లాంటి ద్రావణాలు తాగించడం ప్రమాదకరమని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మాట కలపకముందే ఏదో ఒక థెరపీ ప్యాకేజీ అంటగట్టేది సపోర్ట్ గ్రూప్ కాదు, దుకాణం. పిల్లల వీడియోలు అడగకుండానే పంచుకునే గ్రూపునూ వదిలేయండి. మన ఆఫీసువాళ్లు, ఊరివాళ్లు అదే గ్రూపులో ఉంటారు. బిడ్డ రిపోర్టులు, పూర్తి పేరు అందులో పెట్టకండి. ఎదిగిన ఆటిస్టిక్ వ్యక్తులను పిలిచి మాట్లాడించే గ్రూపు దొరికితే పట్టుకోండి. పిల్లాడు చెప్పలేనివి వాళ్లు చెప్పగలరు.

ఉద్యోగం మారి ఊరు మారితే

రీజనల్ సెంటర్ల ఏర్పాటు కాలిఫోర్నియాది, టెక్సస్‌కు మీ వెంట రాదు. ఐఈపీ వస్తుంది. కొత్త డిస్ట్రిక్ట్ తన ప్రణాళిక తయారు చేసుకునేదాకా దాదాపు అవే సేవలు ఇవ్వాలి. ఐఈపీ, పరీక్షల రిపోర్టులు ఒక ఫైల్లో మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ డబ్బుతో నడిచే పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ కనీసం ఒకటి ఉంటుంది, సాయం ఉచితం. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ఆ సెంటర్‌కు ఫోన్ చేసి, ఏ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు చూసుకోవాలో తెలుసుకోవడానికి అక్కడి తల్లిదండ్రుల గ్రూపుల వివరాలు అడగండి. అద్దె ఎంతో కనుక్కోవడం ఆ తర్వాతి పని.